దుఃఖాన్ని ఒక్క భుజం మీద వదలొద్దు

(అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాల కోసం అనంతగిరిలో జరిగిన సంస్మరణ సభలో మా ప్రతినిధి చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది తెల్లవారకముందే బయలుదేరి, కొండలు దిగి, వాగులు దాటి వచ్చారు. కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి పొల్లు మాటలు చెప్పి మీ పొద్దు పాడుచేయం.

మేము ఓదార్చడానికి రాలేదు. ఓదార్పు మాటలు మీరు ఇప్పటికే చాలా విన్నారు. వానకాలం జ్వరానికి బిడ్డ పోయిన ఇంటికీ, కాన్పుకు పోతూ పోతూ దారిలోనే ఆడబిడ్డ కన్నుమూసిన ఇంటికీ, చెట్టంత కొడుకు కూలిన ఇంటికీ ఎవరొచ్చినా ఒకటే మాట. "ఏం చేస్తాం, రాత." ఆ మాట అని వాళ్లు పోతారు. ఇంట్లో మిగిలినవాళ్లకు రాత్రి ఉంటుంది. ఆ రాత్రి గురించే ఇయ్యాల మాట్లాడుకుందాం. అది దాటి తెల్లారి పొయ్యి అంటించే శక్తి మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? దాన్ని నిలబెట్టుకోవడానికి మనం ఒకరికొకరం ఏం చేయాలి? మేము చెప్పేది ఇంతే.

రాత ఏది, చేత ఏది

ముందు ఒక లెక్క తేల్చుకోవాలి. పుట్టినవాళ్లు గిట్టక తప్పదు. అది రాత. దాన్ని సర్కారు మార్చలేదు, డాక్టరు మార్చలేడు. కానీ నొప్పులు మొదలైన ఆడబిడ్డను దుప్పట్లో వేసి, ఆ దుప్పటిని వెదురు గడకు కట్టి, వాగు దాటించి, గుట్ట దింపి, తారు రోడ్డు దాకా గంటల తరబడి మోయాల్సి రావడం రాత కాదు. 108 అంబులెన్సు ఉమ్మడి రాష్ట్రంలో 2005లో మొదలైంది. ఫోన్ చేస్తే వస్తుందన్నారు. వస్తుంది, కానీ రోడ్డున్న కాడికే వస్తుంది. ఆ రోడ్డుకూ మీ గూడేనికీ నడుమ ఉన్న దూరాన్ని దేవుడు గీయలేదు.

బొర్రా గుహల దాకా టూరిస్టు బస్సు పోతుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం 1960ల చివరి నుంచి ఈ కొండల కడుపులోంచే పోతున్నది. ఖనిజం కోసం సొరంగాలు తొలిచిన ఇంజనీర్లు ఉన్న దేశంలో బాలింత కోసం బాట వేయడం చేతగాలేదంటే ఎట్లా నమ్మాలి? ఇది రాత కాదు, చేత. మనుషులు చేసిన పని, చేయకుండా వదిలేసిన పని. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో 'అడవి తల్లి బాట' పేరుతో గిరిజన గూడేలకు రోడ్ల పనులు మొదలుపెట్టారు. మంచిదే, కాదనం. కానీ స్వాతంత్ర్యం వచ్చి 77 ఏళ్లు నిండాక మొదలైన పని అది. ఈలోపు ఆ దారుల్లో పోయిన ప్రాణాలకు లెక్క చెప్పేవాళ్లు ఎవరు?

సంస్మరణ సభలో ఈ లెక్క ఎందుకంటారా? చేతను రాత అనుకున్న తల్లి చివరికి తననే నిందించుకుంటుంది గనక. "ఇంకో పూట ముందు బయలుదేరితే బతికేదేమో. నేనే ఆలస్యం చేశానేమో." ఇక్కడ కూర్చున్న చాలామంది గుండెల్లో ఈ ముల్లు ఉందని మాకు తెలుసు. అమ్మా, ఆ నేరం నీది కాదు. వాగు మీద వంతెన లేకపోవడం నీ ఆలస్యం కాదు. ముందు ఆ ముల్లు తీసేయాలి. అది గుండెలో ఉన్నంతకాలం ఏ దేవుడికి మొక్కినా నిద్ర రాదు.

అట్లాగని అంతా చేతే అనుకోవడం కూడా సరికాదు. కొందరు యువకులు దుఃఖం మొత్తాన్నీ కోపంగా మార్చుకుంటారు. పోయినవాళ్ల కోసం ఏడవడానికి కూడా తీరిక పెట్టుకోరు. ఉద్యమాల్లో తిరిగినవాళ్లం, అట్లాంటి తమ్ముళ్లను మేము దగ్గరినుంచి చూశాం. పొద్దంతా నినాదం, రాత్రంతా మౌనం. ఏడవని దుఃఖం లోపల పుండవుతుంది. మరణానికి ఏడవాలి. నిర్లక్ష్యంతో కొట్లాడాలి. ఈ రెండు పనులూ వేరు. ఒకదానికి బదులు ఇంకోటి చేస్తే రెండూ సగమే అవుతాయి.

డోలీ మోసేవాళ్లను అడగండి

డోలీ గురించి మాకంటే మీకే బాగా తెలుసు. ఒక గడకు రెండు కొసలు. ముందొకరు, వెనకొకరు. కానీ పక్కన ఇంకో నలుగురైదుగురు ఉత్త చేతులతో నడుస్తుంటారు. ఎందుకు? భుజం మార్చుకోవడానికి. ఎంత బలమున్నవాడైనా గుట్ట మీద ఆ గడను కొంత దూరమే మోయగలడు. "ఇక నేను పడతా" అని పక్కవాడు వచ్చేస్తాడు, అడగాల్సిన పని లేదు. మోసేవాడి మెడ నరం చూస్తేనే తెలుస్తుంది.

దుఃఖాన్ని మోయడం కూడా ఇంతే. దాన్ని దించలేం, దారిలో పడేయలేం. కానీ భుజం మార్చవచ్చు. పట్నాల్లో దుఃఖం ఒక్కరి మీదే పడుతుంది. తలుపు వేసుకుని ఏడుస్తారు, మూడో రోజు ఆఫీసుకు పోతారు. మీ ఊళ్లలో చావు జరిగితే ఆ రోజు ఊరంతా పని మానుతుంది. కట్టెలు తెచ్చేవాళ్లు తెస్తారు, గింజలు తెచ్చేవాళ్లు తెస్తారు. ఎవరూ రమ్మని పిలవరు, ఎవరూ రాకుండా ఉండరు. మీ థింసా ఆట చూసినప్పుడు కూడా మాకు ఇదే కనిపించింది. చేతులు వెనక నుంచి ఒకరివొకరు పట్టుకుని, అడుగులో అడుగు వేస్తారు. ఆ వరుసలో ఒకామె తడబడినా పక్కనున్న ఇద్దరూ పడనీయరు.

టూరిస్టులు దీన్ని ఫొటో తీసుకుని పోతారు. మేము దీన్ని విద్య అంటాం. ఈ విద్య పోకుండా చూసుకోండి. గూడెం పిల్లలు చదువులకు పోతున్నారు, పోవాలి. కూలికి దూరం పోతున్నారు, తప్పడం లేదు. కానీ దూరాన ఉన్నప్పుడు అయినవాళ్లు పోయిన కబురు ఫోన్‌లో వినే పిల్లవాడి భుజం పట్టుకునేది ఎవరు? హాస్టల్లో, అద్దెగదిలో, కార్ఖానాలో ఈ ప్రశ్న ఉంది. దానికి జవాబు కూడా మనమే వెతకాలి.

నారు ముదరనీయొద్దు

దుఃఖానికి మేమూ కొత్తకాదు. మాది బోర్లు ఎండిన ఊరు. మా నాయిన వానకాలం మొదట్లో పోయాడు. చెప్పుకోదగిన జబ్బేమీ లేదు. అప్పు, దిగులు, ఒక రాత్రి గుండెనొప్పి. పన్నెండో దినం అయిన తెల్లారే మా అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని నాట్లకు బయలుదేరింది. వాడకట్టులో ఒకరిద్దరు మూతి తిప్పారు. మొగడు పోయి నెలన్నా కాలేదు అన్నారు. అమ్మ గొడవ పడలేదు. "నారు ముదిరితే నాటుకు పనికిరాదు బిడ్డా" అన్నది మాతో. అంతే. ఆ రోజంతా ఆమె నాటేసిన మడిలో ఎన్ని కన్నీళ్లు పడ్డాయో మాకు తెలియదు. ఆ కారు పంట మాత్రం చేతికి వచ్చింది.

చదువుకుని, పత్రికలో పనిచేస్తూ, ధైర్యం గురించి చాలా పుస్తకాలు తిరగేశాం. ఆ మాటకు మించినది మాకు దొరకలేదు. నమ్మకం అంటే ఏడవకపోవడం కాదని ఆమెను చూసి తెలుసుకున్నాం. ఏడుస్తూనే నారు ముదరకుండా చూసుకోవడమే నమ్మకం.

మీ ఇటుకల పండుగలో ఉన్నదీ ఇదే. చైత్రంలో, ఇంకా వాన చుక్క పడకముందు, ఊరి దేవత ముందు విత్తనాలు పెట్టి మొక్కుతారు. వాన వస్తుందని కాగితం రాసిచ్చినవాళ్లెవరూ లేరు. నిరుడు పంట పోయిన ఇల్లు కూడా విత్తనం తెస్తుంది. ఆ ఏడు చావు చూసిన ఇల్లు కూడా తెస్తుంది. కొత్త పంట వచ్చినప్పుడు ముందు దేవతకు, పెద్దలకు పెట్టి తరువాతే నోట్లో పెట్టుకుంటారు. అంటే పోయినవాళ్లు మీ గూడెంలో లెక్కలోంచి పోలేదు. మొదటి ముద్ద వాళ్లది.

కాఫీ తోటలు చూడండి. మొక్క పెడితే మొదటి కాయ చూడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. చేతిలో రూపాయి లేని మనిషి నాలుగేళ్ల తరువాతి కాయ కోసం ఇయ్యాల గుంత తవ్వుతున్నాడంటే ఆ గుండె ఎంతటిది? 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వెనక ఉన్నది ఈ గుండె. 2025లో కాయతొలుచు పురుగు తోటల్లో కనబడింది. కాయలు తెంపి పారేయాల్సి వచ్చిన రైతులు ఉన్నారు. అయినా తోట వదలలేదు.

నిమ్మలపాడు ఏం చెప్పింది

నమ్మకం పొలానికే సరిపోతుందని, సర్కారు ముందు, కంపెనీ ముందు, కోర్టు ముందు పనికిరాదని కొందరంటారు. వాళ్లకు దూరం పోయి చెప్పాల్సిన పనిలేదు. ఇదే అనంతగిరి మండలంలో నిమ్మలపాడు ఉంది.

బొర్రా రిజర్వు అటవీ ప్రాంతంలోని 14 ఊళ్ల గిరిజనులు తాతల నాటి నుంచి సాగు చేసుకుంటున్న భూముల నడుమ ప్రైవేటువాళ్లకు మైనింగు లీజులు ఇచ్చారు. నిమ్మలపాడు కింద ఉన్న కాల్సైటు మీద కంపెనీల కన్ను పడింది. మా భూమి మాకే పరాయిదవుతుందా అని ఊళ్లు కదిలాయి. రెబ్బాప్రగడ రవి స్థాపించిన సమత సంస్థ వాళ్లకు తోడుగా హైకోర్టుకు పోయింది. 1995లో హైకోర్టు ఆ కేసును కొట్టేసింది. ఆ రోజు ఊళ్లలో ఎంత చీకటి ఉండి ఉంటుందో ఊహించండి. అంత పెద్ద కోర్టు కాదన్నాక ఇక ఎవరికి చెప్పుకోవాలి?

అయినా వాళ్లు ఆగలేదు. సుప్రీంకోర్టు గడప ఎక్కారు. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి బదలాయించరాదని చెప్పే 1959 నాటి ఒకటో నియమావళిలో, 1970లో సవరించిన రూపంలో, 'వ్యక్తి' అనే మాట ఉంది. ఆ మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని కోర్టు చెప్పింది. అంటే ఏజెన్సీలో సర్కారు భూమిని కూడా సర్కారు ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇవ్వడానికి వీల్లేదు. ఖనిజం తీస్తే ప్రభుత్వ సంస్థ తీయాలి, లేదా గిరిజనుల సహకార సంఘాలు తీయాలి. నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి కేటాయించాలి. ఇయ్యాల దేశంలో ఏ మూల ఆదివాసీ భూమి కేసు నడిచినా 'సమత తీర్పు' అంటారు. ఆ తీర్పు పుట్టినిల్లు మీ మండలం.

తీర్పుతో కష్టాలన్నీ తీరాయని మేము చెప్పం. చట్టం గట్టిగా ఉన్నా దాన్ని చుట్టు తిరిగి పోయే దారులు వెతికేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కాపలా ఉండాల్సిందే. కానీ ఒకసారి ఓడి, మళ్లీ లేచి, ఇంకో గడప ఎక్కిన ఆ పెద్దలను యాది చేసుకోండి. గెలుస్తామని ఎవరూ హామీ ఇవ్వలేదు. తమ మాట నిజమని మాత్రమే వాళ్లకు తెలుసు.

గెలవనప్పుడు ఏం మిగులుతుంది

ఇక్కడొక కష్టమైన ప్రశ్న ఉంది. గెలిచిన కథ చెప్పడం సులువు. గెలవకపోతే?

జి.మాడుగుల మండలం వాకపల్లి మీకు తెలుసు. 2007 ఆగస్టు 20న కూంబింగుకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆడబిడ్డలు ఫిర్యాదు చేశారు. ఆ మాట బయటకు చెప్పడానికే ఎంత ధైర్యం కావాలో ఇక్కడున్న అక్కలకు వేరే చెప్పక్కరలేదు. ఏళ్లకు ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. విచారణ మొదలు కావడానికే పదేళ్లు దాటింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు విచారణను ఎదుర్కొన్న 13 మందినీ నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు లోపాలను తప్పుబట్టింది. ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది.

అంటే వాళ్లు ఓడిపోయారా? మేము అట్లా అనలేం. పదిహేనేళ్లకు పైగా ఆ ఆడబిడ్డలు తమ మాట మార్చుకోలేదు. భయం ఉంది, పేదరికం ఉంది, కోర్టులో నడిచే భాష వాళ్లది కాదు. అయినా వాయిదాలకు పోయారు. పొలం పని చేసుకున్నారు, పిల్లలను పెంచారు. వాళ్లకు దక్కాల్సినది దక్కిందని మేము చెప్పడం లేదు. చెబితే అబద్ధం అవుతుంది. కానీ గెలుపు మీద మాత్రమే నిలబడిన నమ్మకం మొదటి ఓటమికే కూలిపోతుంది. వాళ్లది కూలలేదు. ఎందుకంటే వాళ్లు ఒక్కొక్కరుగా లేరు, పదకొండు మంది కలిసి ఉన్నారు. మళ్లీ అదే డోలీ లెక్క. ఒకరు అలసిన రోజు ఇంకొకరు మోశారు.

ఇంకా వెనక్కి పోతే గాం మల్లుదొర కనిపిస్తాడు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం సోదరుల్లో ఒకడు. 1924 మేలో రాజును చంపారు. జూన్‌లో మల్లుదొర అన్న గంటందొర నేలకొరిగాడు. నాయకుడు పోయాడు, తోడబుట్టినవాడు పోయాడు. మల్లుదొరకు పడిన ఉరిశిక్ష ద్వీపాంతర శిక్షగా మారి అండమాన్ జైలులో ఏళ్ల తరబడి మగ్గాడు. అంతటి గోస పడ్డ మనిషి 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. అండమాన్ గదిలో ఉన్నప్పుడు ఆయనకు ఆ 1952 కనబడి ఉండదు. ఏదీ కనబడని ఆ రోజులనే ఆయన దాటాడు.

రేపటి నుంచి చేయాల్సిన పనులు

సభలు అయిపోతాయి, మైకులు పోతాయి. అందుకే చేతికి అందే పనులు నాలుగు చెప్పి ముగిస్తాం.

ఒకటి. పోయిన మనిషిని కాగితంలో పోగొట్టుకోకండి. చావు జరిగిన 21 రోజుల్లోపు నమోదు చేయించండి. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లకు ఆ సోయి ఉండదు. కాబట్టి చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ పని తమ మీద వేసుకోవాలి. ఆ ధ్రువపత్రం లేకపోతే వితంతు పింఛను దగ్గర ఆగిపోతుంది, భూమి కాగితం దగ్గర ఆగిపోతుంది. అన్నిటికీ మించి, నమోదు కాని చావు సర్కారు లెక్కలో జరగనట్టే. జరగని చావుకు రోడ్డు ఎందుకు వేస్తారు?

రెండు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలి. ఆ హక్కు వారసులకు వస్తుంది, అమ్మడానికి కొనడానికి కుదరదు. మొగడు పోయిన అక్కను "ఈ భూమి నీది కాదు" అని బెదిరించేవాడు ఎవడైనా ఉంటే, ఈ మాట వాడి మొహం మీదే చెప్పండి.

మూడు. 1996 పెసా చట్టం గ్రామసభకు నోరు ఇచ్చింది. డోలీలో పోయిన ప్రతి ప్రాణం గురించి గ్రామసభలో మాట్లాడండి. ఏ తేదీ, ఏ దారి, ఎంతసేపు మోశారు, అన్నీ తీర్మానంలో రాయించండి. తీర్మానం నకలు మీ దగ్గర పెట్టుకోండి. కన్నీళ్లకు సాక్ష్యం కావాలి.

నాలుగు. ఇది అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే ముఖ్యం. చావు జరిగిన ఇంటికి మొదటి మూడు రోజులు అందరూ వస్తారు. మూడో నెలలో ఎవరూ రారు. అసలు బరువు అప్పుడే పడుతుంది. ఆ మూడో నెలలో పోండి. "ఏం చేస్తాం, రాత" అనకండి. కుండలో నీళ్లు లేకపోతే తెచ్చిపెట్టండి. వాళ్ల చేనులో కలుపు ఉంటే ఒక పూట తీయండి. పోయిన మనిషి పేరు తీసి మాట్లాడండి. పేరు తీస్తే ఏడుస్తారని జంకకండి. ఎవరూ తీయకపోవడమే ఎక్కువ నొప్పి.

దేవుడు ఉన్నాడా, ఉంటే మా బిడ్డను ఎందుకు తీసుకుపోయాడు అని ఇందాక ఒక అవ్వ మమ్మల్ని అడిగింది. అవ్వా, దానికి జవాబు మాకు చేతగాదు. కానీ నువ్వు ఆ ప్రశ్న అడుగుతుంటే పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు నీ చెయ్యి వదల్లేదు. ఆ చేతుల్లో మాకు నమ్మకం ఉంది. బాట పడే దాకా, ఆ తరువాత కూడా, ఆ చేతులు అట్లాగే ఉండాలి.

పోయిన మీ వాళ్లందరికీ జోహార్లు చెబుతూ సెలవు తీసుకుంటున్నాం.